ఇంజన్ మార్చాక వ్యాన్ అదురుతోందా? సైలెన్సర్ పైపు గురించి అపోహలు - వాస్తవాలు

వేరే ఇంజన్ ఎక్కించిన వ్యాన్ స్లో రన్నింగులో అదిరితే తిరుపతి, చిత్తూరు షెడ్లలో ముందు మాట పడేది ఇంజన్ మీదే. ఇంజన్ రబ్బర్ల మీద ఊగుతుంది, బాడీ ఊగదు. రెంటినీ కలుపుతూ పోయే ఇనుప పైపు ఆ ఊగును మోసుకెళ్లి ఫ్లోరుకు కొడుతోందేమో ముందు చూడాలి.

అపోహ: ఇంజన్ కూర్చునే ఫౌండేషన్ రబ్బర్లు గట్టివి వేస్తే అదురు పోతుంది.

వాస్తవం: ఇంజన్ ఊగు తగ్గుతుంది గానీ అదంతా ఛాసిస్‌కు ఎక్కుతుంది. ముందు తప్పెక్కడో తేల్చుకోండి. ఇంజన్ చల్లారాక మానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికొచ్చే గొట్టాల ముక్క) కింద పైపును బోల్టులతో కలిపే ఫ్లాంజ్ విప్పి, పైపు పక్కకు జరపండి. సెగ వైర్లకు, డీజిల్ పైపుకు తగలకుండా చూసుకుని, ఆరుబయట ఒక్క నిమిషం ఇంజన్ నడపండి. సీటు అదురు తగ్గిందంటే తప్పు పైపుది. తగ్గలేదంటే అప్పుడు ఫౌండేషన్లు చూడండి.

విప్పేటప్పుడే ఇంకోటి గమనించండి. చివరి బోల్టు ఊడగానే ఫ్లాంజ్ టక్కున పక్కకు జారి, రంధ్రాలు కలవకుండా పోయాయంటే, పైపును లాగి పట్టి బిగించారన్నమాట. ఆ లాగుడు ఇంజన్‌ను ఒక పక్కకు ఒత్తేసి రబ్బరును పని చేయనివ్వదు. పైపు కోసి, సరిగ్గా కలిపి మళ్లీ అతికించాల్సిందే.

అపోహ: ఫ్లెక్సిబుల్ పైపు (పైన జాలీ ఉండి వంగే ముక్క) ఎక్కడ వేసినా ఒకటే.

వాస్తవం: ఇంజన్‌కు ఎంత దగ్గరుంటే అంత మేలు. ఇంజన్ వ్యాన్ పొడవు వెంట కూర్చున్న బళ్లలో డౌన్ పైపు (మానిఫోల్డ్ నుంచి కిందికి దిగే పైపు) వంపు తిరిగి వెనక్కి సాగే చోట, గేర్‌బాక్స్ పక్కన వేయాలి. ఫ్లెక్సిబుల్‌కు ముందున్న పైపుకు గేర్‌బాక్స్ నుంచి ఒక బ్రాకెట్ పెట్టాలి, ఛాసిస్ నుంచి కాదు. అప్పుడు ఆ ముక్క ఇంజన్‌తో పాటే కదులుతుంది. ఫ్లెక్సిబుల్ దాటిన వెంటనే బాడీకి మొదటి హ్యాంగర్, అంటే పైపును రబ్బరుతో వేలాడదీసే కొక్కెం, పెట్టాలి. ఇది లేకపోతే వెనక పైపు బరువంతా ఫ్లెక్సిబుల్ మీద వేలాడి, జాలీ అంచు దగ్గర చీలిపోతుంది.

ఫ్లెక్సిబుల్ వంగుతుంది గానీ మెలిక తట్టుకోదు. రెండు చివరలూ ఒకే గీతలో ఉండాలి. వంకర పైపులను కలపడానికి దాన్ని వాడకండి. లోపల ఇంటర్‌లాక్ గొట్టం (ఒకదాన్నొకటి పట్టుకున్న రేకు చుట్లది) ఉన్న రకమైతే బాణం గుర్తు పొగ పోయే దిక్కుకే ఉండాలి. రెండు ఫ్లెక్సిబుల్స్ వేస్తే ఇంకా మంచిదనుకోవడం కూడా పొరపాటే, మధ్య ముక్కకు ఆధారం ఉండదు.

అపోహ: పాత హ్యాంగర్ కొక్కేలు ఉన్నాయిగా, వాటికే తగిలిస్తే చాలు.

వాస్తవం: మూడు సిలిండర్ల ఇంజన్‌లో 900 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర సెకనుకు 22.5 సార్లు ఇంధనం కాలుతుంది. నాలుగు సిలిండర్లదానిలో 800 దగ్గర దాదాపు 27 సార్లు. అదురు లెక్క మారింది కాబట్టి పైపు ఎక్కువగా ఊగే చోటూ మారుతుంది. పైపును తాత్కాలికంగా వేలాడదీసి, స్లో రన్నింగులో కర్రపుల్లతో ముట్టి చూస్తూ పోండి. అదురు తక్కువ తగిలే చోట హ్యాంగర్ పెట్టండి. కొక్కెం క్రాస్ మెంబర్‌కు (ఛాసిస్ అడ్డ దూలానికి) అతికించాలి. ఫ్లోరు రేకుకు అతికిస్తే ఆ రేకే డప్పులా మోగుతుంది.

3 మీటర్ల స్టీలు పైపు 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు 11 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు హ్యాంగర్ రబ్బర్లను కాస్త ముందుకు వాలి ఉండేలా పెట్టాలి. వేడెక్కాక నిటారుగా నిలుస్తాయి. బైండింగ్ వైరుతో కట్టేస్తే ఆ సాగుడుకు దారుండదు.

అపోహ: వరుస ఏదైనా బిగిస్తే చాలు.

వాస్తవం: వ్యాన్ తన చక్రాల మీదే నిలబడి ఉండాలి. ముందు ఇంజన్, గేర్‌బాక్స్ మౌంటింగులు. తర్వాత పైపు బోల్టులన్నీ వదులుగా ఎక్కించి, ఇంజన్ కాసేపు నడిపి ఆపి, మానిఫోల్డ్ నుంచి వెనక్కి ఒక్కొక్కటిగా బిగించండి. వెల్డింగు కూడా నాలుగు వైపులా టాక్ (చిన్న చుక్క అతుకు) పెట్టి, విప్పి బయట పూర్తి చేయండి. ఒకే వైపు పూసుకుంటూ పోతే చల్లారేటప్పుడు పైపు అటే లాగుతుంది.

అపోహ: షెడ్డులో తగల్లేదంటే ఇక ఎక్కడా తగలదు.

వాస్తవం: చుట్టూ 25 మిల్లీమీటర్ల సందు వదలండి, వెనక యాక్సిల్ మీదుగా పోయే చోట ఇంకా ఎక్కువ. అనుమానమున్న చోట సుద్ద పూసి మొగిలి ఘాట్‌లోనో, భాకరాపేట ఘాట్‌లోనో లోడుతో ఎక్కించి దించండి. రెండో గేరులో ఎక్కేటప్పుడు ఇంజన్ ఒక పక్కకు వాలుతుంది, గేరు మీద దిగేటప్పుడు రెండో పక్కకు. సుద్ద చెరిగిన చోటే తగులుతోంది.

తిరిగొచ్చాక ఫ్లెక్సిబుల్ అంచుల్లో, ఫ్లాంజ్ ప్యాకింగు దగ్గర నల్లటి మసి కనిపిస్తే పొగ కారుతున్నట్టే. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ఫ్లోరు సందుల్లోంచి లోపల కూర్చున్నవాళ్ల దాకా చేరుతుంది. అది సరిచేసేదాకా మనుషులను ఎక్కించకండి.