పసుపు, గంజి, బీట్‌రూట్: పిల్లల రంగుల మీద అపోహలు - వాస్తవాలు

చెన్నై విల్లివాక్కంలో రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లలకి బొమ్మల క్లాసు నడుపుతున్నాను. వచ్చేవాళ్ళలో సగం మంది మన తెలుగువాళ్ళే. రంగులు చాలామటుకు మేమే కలుపుకుంటాం. దాంతో తల్లులు తరచూ అడిగే మాట ఒకటుంది: "ఇంట్లో చేసినవే కదండీ, నోట్లో పెట్టుకున్నా ఏం కాదుగా?" ఆ చివరి 'గా' దగ్గరే నాకు పేచీ.

అపోహ: వంటింట్లోంచి వచ్చిందంటే భయం లేదు.

చాలామంది మైదాలో చన్నీళ్ళు, రంగు కలిపి పిల్లల చేతికి ఇచ్చేస్తారు. మైదా అంటే పచ్చి పిండి. మరలో ఆడినంత మాత్రాన గింజ మీది క్రిములు చావవు. ఇ. కోలై, సాల్మొనెల్లా లాంటివి అందులో ఉండొచ్చు. చపాతీ అయితే కాల్చుకుని తింటాం కాబట్టి మనకు ఇబ్బంది లేదు. రంగును ఎవరు కాలుస్తారు? అందుకే మా క్లాసులో రంగుకి కూడా పొయ్యి వెలిగిస్తాం. అరకప్పు కార్న్‌ఫ్లోర్ ముందు కాసిని చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, మొత్తం రెండు కప్పుల నీళ్ళయ్యేలా పోసి, సన్నటి సెగ మీద తిప్పుతూ ఉండాలి. పాలలా తెల్లగా ఉన్నది కాసేపటికి గాజులా తేటపడి గరిటెకి పట్టుకుంటుంది. అప్పుడు కూడా దించకుండా బుడగలు వచ్చేదాకా ఉడకనివ్వాలి. అన్నం వార్చే అలవాటున్న ఇళ్ళలో ఈ శ్రమ కూడా అక్కర్లేదు, చిక్కటి గంజి ఉంటే చాలు.

ఇంకోటి ఉప్పు. పిండి ఎంతో ఉప్పూ అంతే వెయ్యమని చెప్పే కొలతలు చాలా కనబడతాయి. రెండేళ్ళ బిడ్డ దాన్ని గుప్పెడు మింగితే ఆ చిన్న ఒంటికి అంత ఉప్పు నిజంగానే ప్రమాదం. మూడేళ్ళ లోపు పిల్లల రంగులో నేను ఉప్పే వెయ్యను.

కొట్లో అమ్మే ఫింగర్ పెయింట్లలో కావాలనే చేదు కలుపుతారు, పిల్లలు నాకకూడదని. యూరప్ ప్రమాణాల ప్రకారం అది తప్పనిసరి కూడా. మనం చేసేదేమో పాయసంలా ఉంటుంది! మా క్లాసులో రెండున్నరేళ్ళ బుడ్డోడొకడు బీట్‌రూట్ గంజిలో ముంచిన అయిదు వేళ్ళూ వరసగా చీకి, "మిస్, ఇంకొంచెం" అన్నాడు. వాడికేం కాలేదు. కానీ ఇవాళ ఇది తినొచ్చని అలవాటు చేస్తే రేపు ఇంట్లో అక్క పోస్టర్ కలర్ డబ్బా నాకుతాడు. అందుకని ఎంత ఉడికించినా పిల్లలకి మాత్రం "రంగు చేతికి, నోటికి కాదు" అనే చెబుతాను.

అపోహ: పసుపు, కుంకుమ దేవుడికి పెట్టేవి. అంతకన్నా స్వచ్ఛమైనవి ఏముంటాయి?

పూజ పసుపు వేరు, కూర పసుపు వేరు. 'పూజకు మాత్రమే' అని ప్యాకెట్టు మీదే రాసి ఉన్నా మనం చదవం. విడిగా అమ్మే పసుపులో మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన కల్తీలు మన దేశంలోనూ బంగ్లాదేశ్‌లోనూ బయటపడ్డాయి. అందులో ఉండేది సీసం, చిన్నపిల్లల మెదడుకి హాని చేస్తుంది. కుంకుమ, సిందూరాల్లోనూ కొన్నిట్లో సీసం ఉంటోంది. ముగ్గు రంగులు, హోలీ పొడులు నేను దగ్గరికి కూడా రానివ్వను.  ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబరున్న వంట పసుపు ప్యాకెట్టే తెచ్చుకుంటాను.

అలా తెచ్చుకున్న పసుపు ఇచ్చే సరదా ఇంకే రంగూ ఇవ్వదు. తెల్ల కాగితాన్ని పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టండి. ఒక గిన్నెలో వంటసోడా కలిపిన నీళ్ళు, ఒక కుంచె పిల్లకి ఇవ్వండి. రంగు లేని నీళ్ళే కదా అని గీస్తుంది. గీత వెంబడే ఎరుపు పాకుతుంది. ఆ ఎరుపు మీద నిమ్మచెక్క రుద్దితే మళ్ళీ పసుపే. ఒకసారి మనవరాల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన మామ్మగారు ఇది చూసి, "పారాణి అంతే కదుటమ్మా, ఇందులో వింతేముంది?" అన్నారు. నిజమే, పసుపులోని కర్‌క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పారాణికి సున్నం కలిపేది అందుకే. పిల్లల దగ్గర మాత్రం సున్నం వద్దు, కంట్లో పడితే కాలిపోతుంది. వంటసోడా చాలు.

అపోహ: ఫుడ్ కలర్ అంటే తినేదే, ఏ పొట్లమైనా ఒకటే.

మన దేశంలో తినే పదార్థాలకి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. పేరూ ఊరూ లేని పొట్లంలో ఏముందో కొట్టువాడికి కూడా తెలియదు. 2024 ఫిబ్రవరిలో తమిళనాడులో పీచుమిఠాయి అమ్మకాన్ని ఎందుకు నిషేధించారో గుర్తుందా? అందులో రోడమిన్-బి దొరికింది. అది బట్టలకి వేసే రంగు.

అపోహ: గోడకి వేయగా మిగిలిన పెయింటులో నీళ్ళు కలిపి ఇస్తే సరిపోతుంది.

వద్దు. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదన్న నియమం అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. అటక మీద ఉన్న డబ్బా ఏ ఏటిదో?

అపోహ: ఒకసారి చేసుకుంటే నెలంతా వాడుకోవచ్చు.

ఈ పాఠం నేను కంపు భరించి నేర్చుకున్నాను. క్లాసు పెట్టిన కొత్తలో శుక్రవారం ఎనిమిది సీసాల గంజి రంగు చేసి, మూతలు బిగించి అల్మారాలో పెట్టాను. మే నెల. సోమవారం మొదటి మూత తిప్పగానే టప్‌మని ఎగిరి, పచ్చరంగు నా చీర మీద పడింది. గది నిండా పులుపు వాసన. తరవాణి కోసం మన పెద్దవాళ్ళు గంజిని కావాలని పులియబెట్టేవారు. నేనేమో తెలియక పులియబెట్టాను. ఇప్పుడు లెక్క ఒకటే, రంగుని కూరలా చూస్తాను. పొద్దున చేసింది ఆ రోజుకే. మరీ మిగిలితే ఫ్రిజ్‌లో రెండు రోజులు, సీసా మీద తేదీ రాసి. వాసన మారినా, నూగు పట్టినా పారబోయడమే. జ్యూస్ సీసాల్లో మాత్రం దాచకండి. ఒకరింట్లో తాతగారు ఫ్రిజ్ తీసి బీట్‌రూట్ రంగు సగం తాగేశారు!

అపోహ: ఇంటి రంగులు వెలిసిపోతాయి, ఎందుకీ శ్రమ?

కొన్ని వెలుస్తాయి. బీట్‌రూట్ నాలుగు రోజుల్లో మట్టిరంగుకి తిరుగుతుంది. పసుపు వెలుతురుకి పాలిపోతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో మొక్కల రంగులు నిలుస్తాయంటే, దాని వెనక కరక్కాయ, పటిక, రోజుల తరబడి పని ఉన్నాయి. మూడేళ్ళవాళ్ళతో అయ్యే పని కాదది. నిలవాలంటే మట్టి వాడండి. ఇక్కడ మార్గళి నెలలో ముగ్గు చుట్టూ దిద్దే కావి, మన ఇళ్ళలో జాజు, రెండూ ఎర్రమన్నే. అందులోని ఇనుము ఎరుపు ఎండకి చెక్కుచెదరదు. జల్లించిన మన్నులో కాస్త తుమ్మజిగురు నీళ్ళు కలిపితే ఆరాక కాగితం మీంచి రాలదు.

కిందటేడు ఒక పాప ఎర్రమన్నుతో రోడ్డు, పసుపుతో సూర్యుణ్ణి వేసింది. కిటికీ పక్కన అంటించాం. నెల తిరిగేసరికి రోడ్డు ఉంది, సూర్యుడు లేడు. "మిస్, సన్ ఎక్కడికి వెళ్ళింది?" అని అడిగింది. అదే వారం వాళ్ళమ్మ యూనిఫాం మీద పసుపు మరక చూపించి, సబ్బు పెడితే ఎర్రబడిందండీ అని టెన్షన్ పడింది. సబ్బంతా పోయేలా జాడించి, రెండు రోజులు మిట్టమధ్యాహ్నం మేడ మీద ఆరెయ్యమన్నాను. సూర్యుడు వెళ్ళిన దారినే మరకా వెళ్ళింది.