కీమో అయ్యాక అమ్మానాన్నల లివర్: అపోహలు - వాస్తవాలు

కేన్సర్ చికిత్స ముగిసిన పెద్దవాళ్లను మా లివర్ ఓపీకి తీసుకొచ్చే పిల్లలు పదేపదే చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో కొన్ని ఉత్త టెన్షన్ పెడతాయి. కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: కళ్లు పచ్చబడితే కేన్సర్ లివర్‌కి పాకినట్టే.
వాస్తవం: పాకి ఉండొచ్చు, కానీ అదొక్కటే కారణం కాదు. పిత్తనాళంలో రాయి, వైరస్, వాడుతున్న మందులు... ఏదైనా కావచ్చు. ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని కేన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స) వల్ల చివరి డోసు అయిన కొన్ని నెలలకు కూడా లివర్ వాపు రావచ్చు. అది చాలామందికి స్టెరాయిడ్లతో తగ్గుతుంది.

అపోహ: కీమో అయిపోయింది, ఇక దానితో గొడవ లేదు.
వాస్తవం: నాకు అన్నిటికంటే బెంగ ఇక్కడే. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిందనుకున్న హెపటైటిస్-బి వైరస్ లివర్ కణాల్లో అణిగి ఉంటుంది. చికిత్సతో రోగనిరోధక శక్తి తగ్గితే మళ్లీ లేస్తుంది. లింఫోమా అనే లింఫు గ్రంథుల కేన్సర్‌కి వాడే రిటుక్సిమాబ్ విషయంలో ఈ ముప్పు మరీ ఎక్కువ, మందు ఆపి ఏడాది దాటాక కూడా రావచ్చు. అందుకే చికిత్సకు ముందే హెచ్‌బీఎస్ఏజీ (వైరస్ ఇప్పుడు ఉందా అని చూసే రక్తపరీక్ష)తో పాటు యాంటీ హెచ్‌బీసీ (ఎప్పుడైనా సోకిందా అని చూసేది) కూడా చేయించాలి. మొదటిది నెగెటివ్ వచ్చినా రెండోది పాజిటివ్ రావచ్చు. నివారణకు ఎంటెకావిర్, టెనోఫోవిర్ లాంటి మాత్ర రాస్తే, 'నాన్నకి నయమైపోయింది కదా' అని మీ అంతట మీరు ఆపేయకండి. రిటుక్సిమాబ్ తీసుకున్నవాళ్లు చివరి డోసు తర్వాత కనీసం 12 నెలలు వాడాలి.

అపోహ: ఆకు పసరే కదా, హాని చేయదు.
వాస్తవం: చేస్తుంది. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్నవారి గురించి ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్‌తోనూ ఇలాంటి కేసులున్నాయి. కూరలో వేసే పసుపుకి భయపడక్కర్లేదు.

అపోహ: లివర్ జబ్బుకి పథ్యం చేయాలి.
వాస్తవం: పప్పు, గుడ్డు మానిపించి నెలల తరబడి చారన్నం పెడతారు. పెట్టేది ప్రేమతోనే, కానీ అమ్మ కండ కరిగిపోతుంది. భుజాలు, కణతలు చూస్తేనే తెలిసిపోతుంది. సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) ఉన్నా కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోల మనిషికి కనీసం 60 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది దాదాపు 6 గ్రాములే. పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినిపించండి. పొట్టలో నీరుంటే తగ్గించాల్సింది ఉప్పు.

అపోహ: ఎస్‌జీపీటీ (లివర్ రక్తపరీక్ష) నార్మల్, అంటే లివర్ భేష్.
వాస్తవం: ముదిరిన సిర్రోసిస్‌లోనూ అది నార్మల్‌గా ఉండొచ్చు. అల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రొటీన్), ఐఎన్ఆర్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష), ప్లేట్‌లెట్లు కూడా చూడాలి.

పగలంతా నిద్ర, రాత్రి మెలకువ, పొంతన లేని మాటలు, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, పొట్ట ఉబ్బి జ్వరం... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కీమో ఫైలు, మందుల సంచి, పసరు సీసాతో సహా అన్నీ వెంట పెట్టుకోండి.