ధ్రువ ప్రాంతపు పాత అడవులు: మొక్కల, పురుగుల శిలాజాలపై అపోహలు - వాస్తవాలు

ఉత్తర కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో, 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటిన చోట, స్ట్రాత్‌కోనా ఫియోర్డ్ సమీపంలో బీవర్ పాండ్ అనే పీట్ పొర ఉంది. చెమ్మ నేలలో పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయిన మొక్కల అవశేషాలనే పీట్ అంటారు. ఈనాడు ఒక్క చెట్టు కూడా పెరగని ఆ చోట సుమారు 39 లక్షల ఏళ్లనాటి లార్చ్ అనే సూదాకుల చెట్టు కొమ్మలు, వాటిపై అంతరించిపోయిన డైపాయిడీస్ అనే బీవర్ (చెట్లను కొరికే, ఎలుకల కుటుంబానికి దగ్గరి నీటి జంతువు) జాతి పళ్లగాట్లు, నాచు, విత్తనాలు, పెంకు పురుగుల ముక్కలు దొరుకుతాయి. ఇలాంటి పొరల మట్టిని కడిగి, అందులోని తునకలను గుర్తించి, ఆనాటి అడవి ఎలా ఉండేదో, వాతావరణం ఎంత వెచ్చగా ఉండేదో అంచనా కట్టడం నా వృత్తి. ఈ పని గురించి తరచుగా ఎదురయ్యే కొన్ని అభిప్రాయాలను ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: అక్కడ అడవులు పెరిగాయంటే ఆ నేల అప్పట్లో ధ్రువానికి దూరంగా ఉండేదన్నమాట.

వాస్తవం: ఖండాలు కదులుతాయన్నది నిజమే గానీ, ఈ అడవులకు అది సమాధానం కాదు. 39 లక్షల ఏళ్లలో ఎల్స్‌మియర్ దీవి చెప్పుకోదగ్గంత దూరం జరగలేదు. పక్కనున్న ఆక్సెల్ హైబర్గ్ దీవిలో సుమారు 4.5 కోట్ల ఏళ్లనాటి మెటాసెక్వోయా అనే సూదాకుల చెట్ల మోడులు బయటపడ్డాయి. రాయిగా మారకుండా ఇప్పటికీ రంపంతో కోయగలిగే కర్రగానే మిగిలిన ఆ చెట్లు పెరిగిన కాలంలో కూడా ఆ దీవి ఆర్కిటిక్ వలయం లోపలే ఉండేది. దక్షిణాన, పశ్చిమ అంటార్కిటికా తీరంలో సముద్రగర్భాన్ని తొలిచి తీసిన సుమారు 9 కోట్ల ఏళ్లనాటి మట్టిలో వేళ్లు పెరిగినచోటే, పెరిగినట్టే నిలిచి ఉన్నాయి. ఆనాడు ఆ చోటు 82 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో ఉండేదనీ, ఏడాది సగటు ఉష్ణోగ్రత 12 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉండేదనీ 2020లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఈ చెట్లన్నీ నెలల తరబడి సూర్యుడు కనిపించని శీతాకాలాలను నిజంగానే గడిపాయి.

అపోహ: ఆ చీకటిని తట్టుకోవడానికే అక్కడి చెట్లు ఆకులు రాల్చేవి.

వాస్తవం: మా రంగంలోనే చాలాకాలం చలామణి అయిన మాట ఇది. చీకట్లో ఆకు ఉంచుకుంటే శ్వాసక్రియకు పిండిపదార్థం వృథా అవుతుంది కాబట్టి రాల్చేయడమే లాభమన్నది ఆ తర్కం. మెటాసెక్వోయా ఆకులు రాల్చే చెట్టే. అంటార్కిటికాలో శిలాజంగా దొరికే, అంతరించిపోయిన గ్లోసాప్టెరిస్ చెట్టు కూడా అలాంటిదేనని, పొరలు పొరలుగా పరుచుకున్న దాని ఆకులను బట్టి భావిస్తున్నాం. అయితే ధ్రువ ప్రాంతపు వెలుతురును కృత్రిమంగా కల్పించి, ఆకులు రాల్చే చెట్లనూ సతత హరిత చెట్లనూ పక్కపక్కన పెంచి చూసిన పరిశోధకులు 2003లో వేరే సంగతి చెప్పారు. చీకట్లో ఆకులను నిలుపుకోవడానికి అయ్యే ఖర్చు కన్నా, ఏటా ఆకులన్నీ రాల్చి మళ్లీ కొత్తగా వేసుకోవడం వల్ల పోయే కార్బనే చాలా ఎక్కువగా తేలింది. కాబట్టి ఆకులు రాల్చే చెట్లు అక్కడ ఎందుకు అంతగా రాణించాయో చీకటి ఒక్కదానితో వివరించలేం.

గ్లోసాప్టెరిస్ మనకు పరాయిది కాదు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ మరణించిన బ్రిటిష్ అన్వేషకుడు రాబర్ట్ స్కాట్ బృందం చివరిదాకా లాక్కొచ్చిన సుమారు 16 కిలోల రాళ్లలో ఈ ఆకు అచ్చులున్నాయి. అదే ఆకు సింగరేణి బొగ్గు ఉన్న గోదావరి లోయ పొరల్లోనూ కనిపిస్తుంది, ఎందుకంటే అప్పుడు మన నేలా అంటార్కిటికా ఒకే గోండ్వానా భూభాగంలో ఉండేవి.

అపోహ: ధ్రువాల దగ్గర అడవి ఉందంటే అక్కడ ఉష్ణమండల వాతావరణం ఉన్నట్టే.

వాస్తవం: దాదాపు 5.3 కోట్ల ఏళ్ల కిందట ఎల్స్‌మియర్‌లో మొసళ్ల జాతికి చెందిన అలిగేటర్ బంధువులు తిరిగిన మాట నిజమే కనుక ఈ ఊహకు కొంత ఆధారం ఉంది. కానీ బీవర్ పాండ్ కథ వేరు. లార్చ్ కలపలోని ఆక్సిజన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువులు), అక్కడ కలిసి పెరిగిన మొక్కల జాబితా, బ్యాక్టీరియా వదిలిన కొవ్వు అణువులు అనే మూడు వేర్వేరు సాక్ష్యాలూ ఏడాది సగటు సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉండేదని చెప్పాయి. ఇప్పటికన్నా అది సుమారు 19 డిగ్రీలు ఎక్కువే అయినా, సగటు సున్నా అంటే ఏడాదిలో చాలా నెలలు మంచు గడ్డకట్టే ఉండేదని అర్థం. దక్షిణాన, ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దూరంలో, బియర్డ్‌మోర్ హిమానీనదం పక్కన దొరికిన నోథోఫేగస్ (దక్షిణార్ధగోళపు బీచ్ చెట్లు) పొదలు ఇంకా కఠినమైన చోట బతికాయి. ఆ పొరల వయసుపై మా వాళ్ల మధ్య ఏళ్ల తరబడి వాదన నడిచింది గానీ, అక్కడి ఏడాది సగటు మైనస్ 12 డిగ్రీల దరిదాపుల్లో ఉండేదన్న అంచనా ఉంది. ఆ పొదలను బతికించింది సున్నా దాటి కొన్ని డిగ్రీలు పెరిగే రెండు మూడు నెలల వేసవే. అందుకే ఎవరైనా ఏడాది సగటు ఒక్కటే చెబితే, వేసవి ఎంతని అడగడం నాకు అలవాటైపోయింది.

అపోహ: పురుగులు సున్నితమైనవి, అంబర్‌లో (గట్టిపడిన చెట్టు జిగురులో) చిక్కుకుంటే తప్ప మిగలవు.

వాస్తవం: మొత్తం పురుగు మిగలడం అరుదే. కానీ పెంకు పురుగు వీపుమీది గట్టి రెక్కలు, తల, మెడమీది పలక కైటిన్ అనే గట్టి పదార్థంతో తయారవుతాయి కనుక, గాలి తగలని తడి మట్టిలో లక్షల ఏళ్లు నిలుస్తాయి. కొన్నింటి మీద లోహపు మెరుపు కూడా చెక్కుచెదరదు. వాటిని వెలికితీసే పద్ధతి వింటే చాలామంది నమ్మరు. మట్టిని నానబెట్టి 0.3 మిల్లీమీటర్ల కన్నాల జల్లెడలో కడుగుతాం. మిగిలినదానికి కిరోసిన్ పట్టించి, ఎక్కువైనది వంపేసి, పైనుంచి చన్నీళ్లు పోస్తాం. నూనె అంటుకున్న కైటిన్ ముక్కలు పైకి తేలతాయి. మొక్కల చెత్తలో ఎక్కువ భాగం అడుగున ఉండిపోతుంది. చిన్నప్పుడు ఇంట్లో కిరోసిన్ స్టవ్ చూసి పెరిగిన నాకు, ప్రయోగశాలలో ఆ వాసన రాగానే శిలాజాలకన్నా ముందు వంటిల్లే గుర్తొస్తుంది.

తేలిన ముక్కలను సూక్ష్మదర్శిని కింద నేటి పురుగుల నమూనాలతో పోల్చి గుర్తిస్తాం. గత మంచుయుగాల పెంకు పురుగులు దాదాపు అన్నీ నేటికీ బతికున్న జాతులేనని బ్రిటన్‌కు చెందిన రస్సెల్ కూప్ చూపించారు. వాతావరణం మారినప్పుడు అవి కొత్త జాతులుగా మారే బదులు చోటు మార్చుకున్నాయి. ఇంగ్లండ్ మంచుయుగపు పొరల్లో దొరికిన అఫోడియస్ హోల్డెరెరి అనే పేడపురుగు ఇప్పుడు టిబెట్ పీఠభూమిలో ఉంటోంది. ఒకే పొరలో దొరికిన జాతులన్నీ నేడు ఏయే ఉష్ణోగ్రతల మధ్య బతుకుతున్నాయో చూసి, ఆ హద్దులన్నీ కలిసే భాగాన్ని తీసుకుంటే ఆనాటి వేసవి, శీతాకాలాల అంచనా వస్తుంది. బియర్డ్‌మోర్ పొరల్లో దొరికి, 2016లో అంటార్క్టోట్రెకస్ బల్లి అనే శాస్త్రీయ నామం పొందిన పెంకు పురుగు వంటి అంతరించిన జాతులకు మాత్రం ఈ లెక్క నేరుగా వర్తించదు. దక్షిణ అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్న దాని బంధువులను చూసి, అంచనా హద్దులను వెడల్పుగా ఉంచుకోవాలి.

అపోహ: పుప్పొడి దొరికిందంటే ఆ చెట్టు అక్కడే ఉండేది.

వాస్తవం: పైన్ పుప్పొడి గాలిలో వందల కిలోమీటర్లు పోతుంది, లార్చ్ పుప్పొడి చెట్టు చుట్టుపక్కలే రాలిపోతుంది. పుప్పొడి లెక్కలను యథాతథంగా నమ్మితే లేని పైన్ అడవి మొలుస్తుంది, ఉన్న లార్చ్ అడవి మాయమవుతుంది. అందువల్ల పుప్పొడితో పాటు సూదులు, కాయలు, విత్తనాలు వెతుకుతాం. 2004లో ఆర్కిటిక్ సముద్రగర్భంలో సుమారు 4.9 కోట్ల ఏళ్లనాటి అజోల్లా పొర బయటపడినప్పుడు కూడా ఇదే ప్రశ్న వచ్చింది. మన రైతులు వరిమడిలో, పశువుల దాణాకు పెంచే అజోల్లాకు ఇది పాత చుట్టం. నదులు కొట్టుకొచ్చి పడేశాయా, లేక అక్కడే పెరిగిందా? ఆడ, మగ బీజాంశాలు విడిపోకుండా ఒకదానికొకటి అంటుకునే ఉండటం వల్ల, అక్కడి మంచినీటి పైపొరలోనే పెరిగిందన్న వివరణ బలపడింది.

అపోహ: డీఎన్ఏ వచ్చాక ఈ తునకలు ఏరే పని అక్కర్లేదు.

వాస్తవం: ఉత్తర గ్రీన్‌ల్యాండ్‌లోని కాప్ కోబెన్‌హావ్న్‌లో సుమారు 20 లక్షల ఏళ్లనాటి మట్టి నుంచి తీసిన డీఎన్ఏ 2022లో ఏనుగుకు బంధువైన, అంతరించిపోయిన మాస్టోడాన్ జాడను బయటపెట్టింది. అక్కడ దాని ఎముక ఒక్కటి కూడా దొరకలేదు గనుక, ఆ ఫలితానికి మేమూ ఆశ్చర్యపోయాం. అయితే మట్టిలోని డీఎన్ఏ చాలాసార్లు మొక్కను ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) దగ్గరే ఆపేస్తుంది. ఒక మంచి రెక్క ముక్క పురుగును జాతిదాకా గుర్తుపట్టనిస్తుంది. పైగా బీవర్ పాండ్ పీట్ వయసు ఆ మట్టికి దాదాపు రెట్టింపు, ఆక్సెల్ హైబర్గ్ మోడుల వయసు ఇరవై రెట్ల పైమాట. ఆ వయసు పొరల మట్టి నా బల్ల మీదికి వచ్చినప్పుడు, ముందుగా తీసేది జల్లెడనే.