నీటి అడుగున చిన్న కెమెరా: ముందు తేల్చుకోవలసినది వెలుతురు

అండమాన్ దీవుల్లో, 2018 వరకు హేవ్‌లాక్ అని పిలిచిన స్వరాజ్ ద్వీపం చుట్టుపక్కల పగడపు దిబ్బల దగ్గర స్కూబా డైవింగ్ చేసి, చేతిలోని చిన్న కెమెరాతో ఫొటోలు తీసుకొచ్చినవారిలో చాలామందికి ఎదురయ్యే నిరాశ ఒకటే. నీళ్లలో కళ్లారా చూసిన నారింజ రంగు క్లౌన్‌ఫిష్ ఫొటోలో మట్టిరంగుకు దిగిపోతుంది. దాని వెనక ఉన్న పగడాలు, ఇసుక, తోటి డైవర్ చేతులు అన్నీ ఒకే నీలిపొర కప్పుకున్నట్టు కనిపిస్తాయి. ఇందులో కెమెరా లోపమేమీ లేదు. ఆ లోతున నిజంగా ఉన్న వెలుతురునే అది నమోదు చేసింది. మన కళ్లూ మెదడూ మాత్రం పరిసరాల కాంతికి అలవాటుపడి, తగ్గిన రంగులను కొంతవరకు సర్దుకుని మనకు చూపిస్తాయి. అందుకే ఎపర్చర్ (కాంతి లోపలికి వచ్చే రంధ్రం) ఎంత, షట్టర్ వేగం (ఆ కాంతి లోపలికి వచ్చే సమయం) ఎంత అన్న ప్రశ్నల కంటే ముందు తేల్చుకోవలసినది ఒకటుంది: ఈ ఫొటో పైనుంచి దిగివచ్చే సూర్యకాంతితో తీస్తున్నామా, మనం వెంట తెచ్చుకున్న ఫ్లాష్‌తో తీస్తున్నామా? మిగిలిన సెట్టింగ్స్ అన్నీ ఆ జవాబును బట్టే మారతాయి.

నీటికి రంగు లేదని బడిలో చదువుకున్నాం గాని, కొన్ని మీటర్ల మందాన చూస్తే అది నిజం కాదు. నీటి అణువులోని ఆక్సిజన్, హైడ్రోజన్ బంధాలు నిరంతరం కంపిస్తూ ఉంటాయి. ఆ కంపనాల మూల పౌనఃపున్యాలు పరారుణ ప్రాంతంలో ఉన్నప్పటికీ, వాటికి రెట్లుగా వచ్చే అతిస్వరాలు దృశ్యకాంతిలోని ఎరుపు అంచు దాకా వ్యాపించి ఆ కాంతిని కొద్దికొద్దిగా శోషిస్తాయి, అందుకే లోతైన నీరు నీలంగా తోస్తుంది. హైడ్రోజన్ స్థానంలో దానికంటే బరువైన డ్యుటీరియం ఉండే భారజలంలో ఈ కంపనాలు నెమ్మదిస్తాయి, శోషణ మరింత పరారుణం వైపు జరిగిపోతుంది. అందువల్ల భారజలానికి మామూలు నీటికుండే నీలి ఛాయ ఉండదు.

శుద్ధజలం ఏ రంగును ఎంత శోషిస్తుందో రాబిన్ పోప్, ఎడ్వర్డ్ ఫ్రై కొలిచి 1997లో ప్రచురించారు. వారి అంకెలతో లెక్క కడితే, 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎరుపు కాంతి ఒక్క మీటరు నీటిలోనే సుమారు 29 శాతం తగ్గిపోతుంది. 5 మీటర్లు దాటేసరికి 18 శాతం, 10 మీటర్లు దాటేసరికి 3 శాతం మాత్రమే మిగులుతుంది. అదే 10 మీటర్ల ప్రయాణం తర్వాత 450 నానోమీటర్ల నీలికాంతి 91 శాతం నిలిచి ఉంటుంది. ఇక్కడ చాలామంది గమనించని సంగతి, ఈ లెక్క లోతు ఒక్కదానిదే కాదు. ఉపరితలం నుంచి చేప దాకా, మళ్లీ చేప నుంచి లెన్స్ దాకా కాంతి నీటిలో చేసే మొత్తం ప్రయాణానిది. 8 మీటర్ల లోతున ఉన్న చేపను 2 మీటర్ల దూరం నుంచి తీస్తే, ఎరుపు విషయంలో మనం 10 మీటర్ల నీటి గుండా చూస్తున్నట్టే.

పైన చెప్పినదంతా స్వచ్ఛమైన నీటి సంగతి. విశాఖపట్నం దగ్గర రుషికొండ తీరంలోనూ స్కూబా డైవింగ్ నడుస్తోంది. అక్కడి నీరు అండమాన్ నీటిలా ఉండదు. తీరానికి దగ్గరగా ఉన్న నీటిలో వృక్షప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు), కరిగి ఉన్న సేంద్రియ పదార్థాలు నీలికాంతిని పట్టేస్తాయి. ఎరుపును నీరే మింగేస్తుంది. మధ్యలో మిగిలేది ఆకుపచ్చ. కనుక కెమెరాలో ఉండే ‘అండర్‌వాటర్’ మోడ్ నీలి సముద్రాన్ని దృష్టిలో పెట్టుకుని సరిచేసే రంగులు ఇలాంటి నీటికి సరిగ్గా కుదరకపోవచ్చు. రంగును ఎవరికి వారు అక్కడికక్కడే నిర్ణయించుకోవడం మేలనడానికి ఇదే కారణం.

ముందుగా సూర్యకాంతితో తీసే పద్ధతి చూద్దాం. పెద్ద పగడపు దిబ్బ, తాబేలు, చేపల గుంపు, మునిగిన ఓడ వంటి వాటికి ఇదే తగినది, ఎందుకంటే అంత వెడల్పైన దృశ్యాన్ని చిన్న ఫ్లాష్ వెలిగించలేదు. ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన సెట్టింగ్ వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులను సరిదిద్దడం. కెమెరాలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ సౌకర్యం ఉంటే, డైవర్లు రాసుకునే తెల్లటి పలకను ఫొటో తీయబోయే లోతులోనే ముందు పెట్టి, దాన్ని తెలుపుగా గుర్తించమని కెమెరాకు చెప్పాలి. పలక లేకపోతే లేత రంగు ఇసుక కూడా పనికివస్తుంది. నాలుగైదు మీటర్లు పైకో కిందికో కదిలిన ప్రతిసారీ ఈ పని మళ్లీ చేయాలి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఇంత తేడా తెచ్చే మార్గం నాకు తెలిసి మరొకటి లేదు. దీనితోపాటు రా ఫైల్ (కెమెరా సవరించని అసలు సమాచారం) కూడా భద్రపరచుకుంటే, ఇంటికి వచ్చాక రంగులను మళ్లీ సర్దుకునే వీలు ఉంటుంది.

అయితే వైట్ బ్యాలెన్స్ లేని కాంతిని సృష్టించదు. సెన్సర్‌కు చేరిన కాస్త ఎరుపు సంకేతాన్ని హెచ్చించి చూపిస్తుంది, దానితోపాటు నాయిస్‌ను (చుక్కచుక్కలుగా కనిపించే అలజడిని) కూడా హెచ్చిస్తుంది. అందుకే 5, 6 మీటర్ల దగ్గర అందంగా పనిచేసిన పద్ధతే 18 మీటర్ల దగ్గర ఎర్రటి మచ్చలతో నిండిన బొమ్మను ఇస్తుంది. లెన్స్ ముందు పెట్టే ఎర్ర ఫిల్టర్ నీలం, ఆకుపచ్చలను కొంత ఆపి రంగుల మధ్య సమతూకం తెస్తుంది గాని, అది కూడా కాంతిని తగ్గించే పరికరమే. ఫిల్టర్ పెట్టి ఫ్లాష్ వెలిగించడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. దగ్గరి వస్తువులన్నీ ఎర్రబారిపోతాయి.

రంగును తర్వాత కంప్యూటర్‌లో సరిచేయడం కూడా అంత సులువు కాదు. దేర్యా అక్కైనాక్, తాలీ ట్రైబిట్జ్ అనే పరిశోధకులు 2019లో ‘సీ-త్రూ’ అనే పద్ధతిని ప్రకటించారు. ఫొటోలోని ప్రతి బిందువూ కెమెరాకు ఎంత దూరంలో ఉందో ముందు కనుగొని, ఆ దూరాన్ని బట్టి ఆ బిందువుకు తగిన సవరణ చేయడం అందులోని కీలకం. ఫొటో అంతటికీ ఒకే సవరణ చేసే మామూలు వైట్ బ్యాలెన్స్, ముందున్న పగడాన్ని సరిచేసి వెనకున్న దాన్ని నీలంగా ఎందుకు వదిలేస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

సూర్యకాంతితో తీసేటప్పుడు సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకుని, ఎపర్చర్‌ను బాగా తెరిచి, షట్టర్ వేగం 1/125 సెకనుకు తగ్గకుండా చూసుకుని, ఐఎస్‌ఓను (కాంతికి కెమెరా స్పందించే స్థాయిని) 100 దగ్గర మొదలుపెట్టి అవసరాన్ని బట్టి పెంచుకుంటూ పోవడం మంచి క్రమం. ఈదుతున్న చేపకు 1/250 కావాలి. ఒలింపస్ టీజీ-6 వంటి కెమెరాలో షట్టర్ వేగాన్ని నేరుగా ఎంచుకునే మోడ్ లేదు. ఎపర్చర్‌ను ఎంచుకుని, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే అమరికను) −0.3 లేదా −0.7కు తగ్గించి, ఐఎస్‌ఓకు గరిష్ఠ హద్దు పెట్టడమే అక్కడ దారి. ఆ తగ్గింపు వల్ల వెండిరంగు పొలుసుల మీద మెరుపులు తెల్లగా పేలిపోకుండా కూడా ఉంటాయి.

ఇక ఫ్లాష్. నీటి అడుగున తొలి రంగు ఫొటోలను 1926లో ఫ్లోరిడా దగ్గరి డ్రై టోర్టుగస్‌లో విలియం లాంగ్లీ అనే మత్స్యశాస్త్రవేత్త, చార్ల్స్ మార్టిన్ అనే ఫొటోగ్రాఫర్ తీశారు. ఆనాటి ఆటోక్రోమ్ ఫలకాలకు (రంగు ఫొటోలు తీసే గాజు పలకలకు) చాలా కాంతి కావలసి రావడంతో, నీటి మీద తెప్ప కట్టి, దానిపై మెగ్నీషియం పొడిని మండించి ఒక హాగ్‌ఫిష్ బొమ్మను సాధించారు. ఈనాడు ఫ్లాష్ మన చేతిలోనే ఉంది కాబట్టి కాంతిని చేపకు దగ్గరగా తీసుకుపోగలం, దాని ప్రయోజనమంతా ఆ దగ్గరితనంలోనే ఉంది. 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న చేప దాకా వెళ్లి తిరిగివచ్చే ఫ్లాష్ కాంతి నీటిలో చేసే ప్రయాణం 60 సెంటీమీటర్లు. ఎరుపులో 80 శాతానికి పైగా నిలుస్తుంది. చేప 2 మీటర్ల దూరంలో ఉంటే ప్రయాణం 4 మీటర్లు అవుతుంది, పావు వంతే మిగులుతుంది. పైగా ఆ మధ్యనున్న రేణువులన్నీ వెలిగి, బొమ్మ నిండా తెల్లటి చుక్కలు పడతాయి. కెమెరాలోనే ఉన్న ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది కనుక ఈ బెడద దానితో ఎక్కువ. కెమెరాకు బిగించిన చేతికర్రల మీద పక్కకు జరిపి, కాస్త బయటివైపు తిప్పి పెట్టే విడి ఫ్లాష్ అయిన స్ట్రోబ్‌తో తక్కువ.

ఫ్లాష్‌తో తీసే బొమ్మలో నిజానికి రెండు ఎక్స్‌పోజర్లు ఉంటాయి. ఒకటి ఫ్లాష్ వెలిగించే ముందుభాగం, రెండవది సూర్యకాంతి వెలిగించే వెనుక నీరు. ఫ్లాష్ మెరుపు సెకనులో వెయ్యో వంతు ప్రాంతంలోనే ముగిసిపోతుంది కాబట్టి షట్టర్ ఎంతసేపు తెరిచి ఉన్నా చేప మీద పడే ఆ కాంతి మారదు. వెనుక నీటి వెలుగు మాత్రం మారుతుంది. సీ ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్ర జీవి)లో దాగిన క్లౌన్‌ఫిష్‌ను ఎఫ్/5.6, ఐఎస్‌ఓ 100, 1/125 సెకను దగ్గర తీసి, వెంటనే షట్టర్‌ను 1/250కి, ఆపై 1/500కి మార్చి తీసి చూడండి. చేప నారింజ రంగు దాదాపు అలాగే ఉంటుంది, వెనుక నీరు లేత నీలం నుంచి ముదురు నీలానికి, అక్కడి నుంచి నలుపు వైపుకు జారుతుంది. ఇక్కడ కాంపాక్ట్ కెమెరాకు ఒక వరం ఉంది. వీటిలో చాలావాటికి షట్టర్ లెన్స్‌లోనే ఉండటం వల్ల అధిక వేగాల్లోనూ ఫ్లాష్ పూర్తి ఫ్రేమును వెలిగిస్తుంది. సెన్సర్ ముందు తెరల షట్టర్ ఉండే పెద్ద కెమెరాల్లో సాధారణంగా 1/200, 1/250 దగ్గరే ఆగిపోవాలి. చేప మరీ తెల్లబారితే ఎపర్చర్‌నో ఫ్లాష్ శక్తినో తగ్గించాలి గాని షట్టర్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఈ పద్ధతిలో వైట్ బ్యాలెన్స్‌ను ఆటోకు లేదా ఫ్లాష్ గుర్తుకు మార్చడం మరిచిపోకూడదు.

జూమ్ చేయడం వల్ల మధ్యనున్న నీరు తగ్గదు, కనుక దూరపు చేపకు జూమ్ పరిష్కారం కాదు. నీటి వక్రీభవన గుణకం (కాంతిని వంచే స్థాయి) సుమారు 1.33 అవడంతో, చదునైన గాజు వెనుక ఉన్న లెన్స్‌కు ఒక మీటరు దూరపు వస్తువు ముప్పావు మీటరులో ఉన్నట్టు కనిపిస్తుంది. 25 మిల్లీమీటర్ల లెన్స్ చూపే దృశ్యం దాదాపు 33 మిల్లీమీటర్ల లెన్స్ చూపేంతకు ఇరుకవుతుంది. వెడల్పు కావాలంటే కెమెరాకు తొడిగే నీరు చొరని పెట్టె అయిన హౌసింగ్ ముందు నీటిలోనే బిగించి తీసే వైడ్ లెన్స్ ఉంది. చిన్న జీవులకు మ్యాక్రో మోడ్, ఒకే బిందువు మీద ఫోకస్, కంటి మీద ఫోకస్ నిలిపాక షట్టర్ మీటను సగం నొక్కి ఉంచి వేచి చూడటం సరిపోతాయి. నిలకడ కోసం పగడాన్ని పట్టుకోవడం మాత్రం కూడదు. దిబ్బలు కట్టే పగడాలు మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. నీటిలో కదలకుండా తేలడం ఇంకా అలవాటు కానివారు కెమెరా లేకుండానే కొన్ని డైవ్‌లు చేయడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

లోతున చుట్టూ మసకగా ఉంటుంది కనుక కెమెరా తెర అసలుకంటే ప్రకాశంగా తోస్తుంది, పైకి వచ్చాక అవే ఫొటోలు చీకటిగా తేలతాయి. తెర వెలుగును నమ్మకుండా హిస్టోగ్రామ్‌ను (ఫొటోలో చీకటి, వెలుగులు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్‌ను) చూడాలి.

హౌసింగ్‌ను మూసేముందు ఓ-రింగ్ (నీరు చొరకుండా ఆపే రబ్బరు వలయం) మీద వెంట్రుక గాని ఇసుక రేణువు గాని లేకుండా వెలుతురులో తిప్పి చూసుకోవాలి. ఎండలో, ఉక్కలో మూస్తే లోపల చిక్కుకున్న తేమ నీటి చల్లదనానికి గాజు మీద మసకపొరగా పడుతుంది. ఏసీ గదిలో మూసి, లోపల ఒక చిన్న సిలికా జెల్ పొట్లం పెడితే ఆ సమస్య చాలావరకు ఉండదు. బయటికి వచ్చాక ఉప్పు ఆరిపోకముందే హౌసింగ్‌ను మూసినది మూసినట్టే మంచినీటిలో కాసేపు నానబెట్టి, నీళ్లలోనే మీటలన్నీ నొక్కి, పూర్తిగా ఆరాకే తెరవాలి.