రాయిని కాదు, ఇసుకను అడగాలి

చెక్కిన రాతి గొడ్డలి ఒకటి దొరికిందనుకోండి. ఆ రాయి ఎప్పటిదంటే భూగర్భ శాస్త్రవేత్త కోట్ల ఏళ్లని చెప్పవచ్చు. మనకు కావలసింది అది కాదుగా, మనిషి దాన్ని ఎప్పుడు చెక్కాడన్నది. పక్కన బొగ్గో ఎముకో ఉంటే కార్బన్ పరీక్ష చేయొచ్చు, అదీ సుమారు 50 వేల ఏళ్ల దాకానే.

అందుకే గొడ్డలిని పక్కనపెట్టి దాన్ని కప్పిన ఇసుకను పట్టుకుంటారు. మట్టిలోని యురేనియం, థోరియం, పొటాషియంల రేడియేషన్ వల్ల ఇసుకలోని క్వార్ట్జ్ అనే ఖనిజపు రేణువుల్లో ఏటా కాస్త శక్తి పేరుకుంటుంది. బాగా ఎండ తగిలితే ఆ నిల్వ ఖాళీ. మళ్లీ పూడుకుపోయాక లెక్క సున్నా నుంచి మొదలు. తవ్విన గోడలోకి ఇనుప గొట్టం దిగగొట్టి, వెలుగు సోకకుండా మూసి ల్యాబ్‌కు తెస్తారు. అక్కడ మసక ఎర్రదీపం కిందే పనంతా. రేణువు మీద ఆకుపచ్చ కాంతి వేస్తే దాచుకున్నదంతా సన్నని మెరుపుగా కక్కేస్తుంది. ఆ మెరుపును బట్టి రేణువుకు అందిన మొత్తం రేడియేషన్ మోతాదు తేల్చి, ఏడాది మోతాదుతో భాగిస్తే వయసు వస్తుంది. చెప్పడానికి ఇంతే. మట్టిలో తడి ఎంత ఉండేదన్న అంచనా తప్పితే చాలు, వేల ఏళ్లు అటూ ఇటూ అయిపోతాయి.

ఉత్తర ఆస్ట్రేలియాలోని మజెడ్‌బెబెలో, కొండచరియ కింద, వేలాది రేణువులను ఒక్కొక్కటిగా కొలిచారు. మనుషులు అక్కడికి వచ్చి సుమారు 65 వేల ఏళ్లయిందని 2017లో ప్రకటించారు. వెంటనే గొడవ మొదలైంది. చెదలు ఇసుకను గుల్లచేస్తే పైపొర పనిముట్లు కిందికి జారి ఉండవచ్చు కదా? ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. ఇసుక వయసు సరైనదే కావచ్చు, పనిముట్టు ఆ ఇసుకదేనా అన్నదే అసలు పేచీ. తవ్వినవాళ్లు ఒకే రాయి నుంచి ఊడిన పెచ్చులను వెతికి, ఒకదానికొకటి అతికించి, అవి ఏ లోతుల్లో దొరికాయో చూశారు. పెద్దగా జారలేదన్నది వాళ్ల వాదన. ఒప్పుకోనివాళ్లు ఇంకా ఉన్నారు.

లక్షల ఏళ్ల నాటి పొరలకైతే క్వార్ట్జ్ చాలదు, దాని నిల్వ ముందే నిండిపోతుంది. అప్పుడు అంత త్వరగా నిండని ఫెల్డ్‌స్పార్ అనే మరో ఖనిజాన్ని నమ్ముకుంటారు. తమిళనాడులోని అత్తిరంపాక్కంలో పురావస్తు శాస్త్రవేత్తలు శాంతి పప్పు, కుమార్ అఖిలేష్‌ల బృందం ఈ దారిలోనే వెళ్లింది. అక్కడి పనిముట్లు చూడముచ్చటైనవి: పెచ్చు ఊడకముందే అది ఏ ఆకారంలో రావాలో లెక్కేసుకుని రాయిని సిద్ధం చేశారు. వాటి వయసు దాదాపు 3,85,000 ఏళ్లని 2018లో తేలింది. మన జాతి ఆఫ్రికా దాటిందనుకుంటున్న కాలానికి ఇది చాలా ముందు. మరి చెక్కిందెవరు? అక్కడ మనిషి ఎముక ఒక్కటీ దొరకలేదు.