తెలిసిన జవాబే అడ్డుపడితే

కార్డుల ఆట టోర్నమెంట్‌లో జడ్జికి రూల్స్ తెలియక తీర్పు తప్పడం ఒక రకం. రూల్స్ అన్నీ తెలిసి కూడా బల్ల మీదున్న కార్డు కనపడక తప్పడం ఇంకో రకం. మెదడు పనితీరు గురించి ఎక్కువ చెప్పేది రెండోదే.

‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ 1993లో అమెరికాలో మొదలైన కార్డుల ఆట. రమ్మీలో లాగా అందరికీ ఒకే పేక ఉండదు, ఎవరి కట్ట వాళ్లు తయారుచేసుకుని తెచ్చుకుంటారు. కార్డులు వేలకొద్దీ ఉన్నాయి, వాటిని క్రీచర్ (జీవి), ల్యాండ్, ఇన్‌స్టంట్ లాంటి కొన్ని రకాలుగా విడదీస్తారు. సాధారణ నియమం ఒకటి చెప్పి, కార్డు ఇంకోటి చెబితే కార్డు మాటే చెల్లుతుంది. టోర్నమెంట్‌లో చిక్కు వస్తే ఆటగాడు చెయ్యెత్తి ‘జడ్జ్!’ అని పిలుస్తాడు.

అలాంటి చిక్కుల్లో బాగా పేరుపడ్డది ఒకటుంది. 2007లో వచ్చిన టార్మోగోయ్ఫ్ అనే జీవికి ఒక లెక్క ఉంది. వాడేసిన కార్డులు, చచ్చిన జీవులు పడే గుట్టని గ్రేవ్‌యార్డ్ అంటారు. ఆటగాళ్లందరి గుట్టల్లో కలిపి ఎన్ని రకాల కార్డులుంటే దాని పవర్ (కొట్టే దెబ్బ) అంత, టఫ్‌నెస్ (ఎంత దెబ్బకి చస్తుందో ఆ లెక్క) అంతకంటే ఒకటి ఎక్కువ. ఇప్పుడు గుట్టల్లో క్రీచర్, ల్యాండ్ అని రెండు రకాలే ఉన్నాయనుకుందాం. టఫ్‌నెస్ 3. ఎదుటివాడు లైట్నింగ్ బోల్ట్ అనే కార్డు వేశాడు, దాని దెబ్బ కూడా 3. జీవి చచ్చిందా? లేదు. పని అయిపోగానే బోల్ట్ తానే గుట్టలో చేరుతుంది. అది ఇన్‌స్టంట్ రకం కాబట్టి రకాలు మూడవుతాయి, టఫ్‌నెస్ 4కి పెరుగుతుంది. జీవి చచ్చిందో లేదో ఆట లెక్క చూసేది ఆ తర్వాతే.

ఈ జవాబు కంఠతా వచ్చిన జడ్జికే అసలు గండం. బోల్ట్, గోయ్ఫ్ అన్న మాటలు చెవిన పడగానే ‘బతుకుతుంది’ అని నోట్లోంచి వచ్చేస్తుంది. కానీ ఏ గుట్టలోనైనా అప్పటికే ఒక ఇన్‌స్టంట్ ఉంటే కొత్త రకమేదీ చేరదు. టఫ్‌నెస్ 3 దగ్గరే ఉంటుంది, జీవి చస్తుంది. జీవి యజమాని ముందు ‘లేలైన్ ఆఫ్ ద వాయిడ్’ అనే కార్డు ఉన్నా అంతే, ఎదుటివాడి బోల్ట్ అసలు గుట్టకే చేరదు. ఇవేవీ దాచిన కార్డులు కావు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే.

అబ్రహాం లూచిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1942లో ప్రచురించిన ప్రయోగాల్లో ఈ గుణం తేటగా కనిపిస్తుంది. 21, 127, 3 కొలతల జాడీలతో 100 కొలవాలి. పెద్దది నింపి, అందులోంచి 21 ఒకసారి, 3 రెండుసార్లు తీసేస్తే సరి. ఇదే కిటుకుతో తేలే లెక్కలు వరసగా ఇచ్చి, ఆ తర్వాత 23, 49, 3 జాడీలతో 20 కొలవమన్నాడు. 23లోంచి 3 తీస్తే చాలు. అయినా చాలామంది 49 నింపి పాత దారిలోనే వెళ్లారు. ముందు లెక్కలు చెయ్యనివాళ్లకి దగ్గరి దారి ఇట్టే కనపడింది.

చదరంగంలో నిపుణులకీ ఇది తప్పలేదు. బిలాలిచ్, మెక్‌లౌడ్, గోబె 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఆటగాళ్ల కంటిచూపుని పరికరంతో గమనించారు. తెలిసిన పరిష్కారం ఒకటి దొరికాక, ఇంకా మంచి ఎత్తు కోసం వెతుకుతున్నామని వాళ్లు నిజాయితీగానే చెప్పారు. వాళ్ల కళ్లు మాత్రం ఆ పాత పరిష్కారం తాలూకు గళ్ల చుట్టూనే తిరిగాయి. ‘ఇంకోసారి జాగ్రత్తగా ఆలోచించు’ అనే సలహా ఎందుకు పనిచెయ్యదో దీన్నిబట్టే తెలుస్తుంది. ఆలోచిస్తున్నామనే అనుకుంటాం, చూపు మాత్రం కదలదు.

2013 నాటి రేడియాలజిస్టుల ప్రయోగం ఇంకా విడ్డూరం. ఊపిరితిత్తుల స్కాన్‌లలో చిన్న గడ్డల కోసం వెతకమని, ఒకచోట గొరిల్లా బొమ్మ ఇరికించారు. అది మామూలు గడ్డకి 48 రెట్లు పెద్దది. 24 మందిలో 20 మందికి కనపడలేదు. వాళ్లలో చాలామంది నేరుగా ఆ చోటే చూశారు కూడా. దీన్ని చెప్పి డాక్టర్లని వెక్కిరించడం నాకు నచ్చదు. వాళ్లని వెతకమన్నది గడ్డలు, గొరిల్లాలు కావు.

కాబట్టి మంచి జడ్జి తన తెలివిని కాక ఒక పద్ధతిని నమ్ముకుంటాడు. ప్రశ్న వినగానే జవాబివ్వడు, ముందు కార్డు చదువుతాడు. ‘కార్డు చదివితే కార్డు అర్థమవుతుంది’ అని ఆటగాళ్లు ఎగతాళిగా అనుకునే మాట జడ్జికి అక్షరాలా వర్తిస్తుంది. అచ్చులో ఉన్నదీ చాలకపోవచ్చు. 2007 నాటి టార్మోగోయ్ఫ్ మీద వేసిన రకాల జాబితాలో 2023లో వచ్చిన ‘బ్యాటిల్’ రకం లేదు. అందుకే ఆరాకిల్ అని పిలిచే తాజా అధికారిక పాఠాన్ని ఫోన్‌లో చూస్తారు. ఆ తర్వాత ఇద్దరినీ ‘మొదటినుంచీ ఏం జరిగిందో చెప్పండి’ అని అడగాలి. ఆటగాడు అడిగే ప్రశ్నలో అతను ముఖ్యం అనుకున్నవే ఉంటాయి, వదిలేసిన ముక్కలోనే తీర్పు ఉండొచ్చు.

తీర్పు నచ్చకపోతే హెడ్ జడ్జికి అప్పీలు చేసుకోవచ్చు. ఆయన మాటే ఆఖరు. ఈ ఏర్పాటు బలం హెడ్ జడ్జికి రూల్స్ ఎక్కువ తెలియడంలో కంటే, కొత్త కళ్లతో రావడంలో ఉందని నా అభిప్రాయం. మొదటి జడ్జి చెప్పిన కథ మాత్రమే విని తేల్చేస్తే ఆ కొత్తదనం పోతుంది, ఆటగాళ్లని ఆయనా మళ్లీ అడగాల్సిందే. టైమ్ టెన్షన్‌కి కూడా రూల్స్‌లో మందుంది. జడ్జి వల్ల ఆట ఒక నిమిషానికి మించి ఆగితే ఆ మ్యాచ్‌కి అదనపు సమయం ఇస్తారు. అయితే పక్క బల్లల దగ్గర లేచిన చేతులకి మాత్రం ఆ రూల్ ఏమీ చెయ్యలేదు.