పి లో పలకని బండి, ఎన్ లో పలికిందంటే

పర్లాకిమిడి

చిరంజీవులు పెద్దోడికీ, బుజ్జమ్మకీ మీ తాతయ్య ఆశీర్వదించి రాసేది.

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. తప్తపాణిలో వేడినీటి గుండం చూసుకుని మీరు బరంపురం బయల్దేరబోతే కారు స్టార్ట్ కాలేదట. గేరు రాడ్ పి లో, అంటే బండి ఆపి ఉంచే పార్క్‌లో ఉంటే ఉలుకూ పలుకూ లేదట, ఎన్ లోకి, అంటే న్యూట్రల్‌లోకి జరపగానే సెల్ఫ్ (ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటార్) తీసుకుందట. అంతవరకు టెన్షన్ పడాల్సిందేమీ లేదు. కానీ అక్కడ టీ కొట్టు దగ్గర ఎవరో "ఆ స్విచ్ వైరు కోసి డైరెక్ట్ చేసెయ్యండి, పీడా పోతుంది" అన్నారనీ, ఈ వారం అదే చేయిద్దామనుకుంటున్నాననీ మీ నాన్న చెప్పాడు. నా భయమల్లా ఆ మాట గురించే. ఫోన్‌లో నేను చెబితే "సరే నాన్నా" అని పెట్టేస్తాడు. మీరు అడిగితే కాదనలేడు. అందుకే మీకు రాస్తున్నాను.

మీ అమ్మ స్కూటర్ చూడండి. బ్రేకు పట్టకుండా బటన్ ఎంత నొక్కినా స్టార్ట్ కాదు. బాబాయి మోటార్ సైకిల్ గేరులో ఉంటే క్లచ్ పట్టేదాకా సెల్ఫ్ తీసుకోదు. స్టార్ట్ అయిన క్షణానే బండి మనిషి మీదికి దూకకూడదని పెట్టిన కాపలా అది. మీ ఆటోమేటిక్ కారులోనూ అదే కాపలా ఉంది. పి, ఆర్ (రివర్స్), ఎన్, డి (ముందుకు నడిపే డ్రైవ్) అనే నాలుగు చోట్లలో పి, ఎన్ రెండింటిలోనే ఇంజిన్ బలం చక్రాలకు చేరదు. కాబట్టి ఆ రెండు చోట్లే సెల్ఫ్‌కు కరెంటు వెళ్ళనిస్తారు. గేరుబాక్స్ దగ్గరుండే న్యూట్రల్ స్విచ్చే ఆ కాపలాదారు. రైల్వే గేటు అనుకోండి. తాళం తిప్పగానే కరెంటు బయల్దేరుతుంది. గేటు తెరిచి ఉంటే రిలే అనే కరెంటు మీట దాటి సెల్ఫ్ మోటార్ దాకా పోతుంది, వేసి ఉంటే అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన సంగతికి వస్తాను. నలభై ఏళ్ళు సెల్ఫ్, డైనమో పని చేశాను. షాపుకొచ్చేవాళ్ళలో సగం మంది ఒడియాలో చెబుతారు, సగం మంది తెలుగులో. ఎవరైనా "బండి స్టార్ట్ కావట్లేదు" అంటే నాకు ఏమీ తెలిసేది కాదు. "ఇక్కడ కావట్లేదు, అక్కడ అవుతోంది" అంటే మాత్రం సగం పని అయిపోయినట్టే. మీ కారు ఎన్ లో స్టార్ట్ అయింది కదా, అంటే బ్యాటరీలో సత్తువ ఉంది. సెల్ఫ్ మోటార్ తిరిగింది. ఫ్యూజు, రిలే, తాళం అన్నీ పని చేశాయి. ఎన్ లో పని చేసిన వస్తువు పి లోకి రాగానే చెడిపోదు కదా! ఇక అనుమానించాల్సింది గేరు రాడ్ నుంచి ఆ స్విచ్ దాకా ఉన్న జానెడు దారినే. తెలియనివాళ్ళు ముందు కొత్త బ్యాటరీ కొనిపిస్తారు, ఆ తర్వాత సెల్ఫ్ విప్పుతారు. రెండూ దండగే.

ఆ దారిలో చెడిపోయేవి ముఖ్యంగా రెండు. ఒకటి గేరు కేబుల్. అది కాస్త సాగినా, దాని చివరి ప్లాస్టిక్ బుష్ అరిగినా, పైన రాడ్ పి చూపిస్తుంది గానీ కింద గేరుబాక్స్ పి దాకా పూర్తిగా రాదు. రెండోది స్విచ్ లోపలి కాంటాక్టులు. రోజూ పి లోనే స్టార్ట్ చేస్తాం కాబట్టి ఆ చోటే ముందు అరగడం నేను చాలా బళ్ళలో చూశాను. ఏది చెడిందో తెలుసుకోవాలంటే మీ నాన్నను ఇలా చేయమనండి. బండిని చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, కాలి బ్రేకు గట్టిగా తొక్కి, స్టార్ట్ చేస్తూనే పి లో ఉన్న రాడ్‌ను కొంచెం ముందుకు అదిమి పట్టమనండి. అప్పుడు స్టార్ట్ అయితే కేబుల్ సరిచేస్తే చాలు, ఖర్చు పెద్దగా ఉండదు. కాకపోతే స్విచ్ చూడాలి. చాలా బళ్ళలో వెనక తెల్ల లైటును వెలిగించేదీ ఆ స్విచ్చే. ఆర్ వేసినప్పుడు వెనక నిలబడకుండా, పక్కనుంచి చూడండి. అది కూడా వెలగకపోతే అనుమానం ఇంకా బలపడుతుంది. మీటర్ దగ్గర పి అక్షరం కనిపిస్తోందో లేదో చూసేది బుజ్జమ్మ. తాళం మాత్రం మీరిద్దరూ ముట్టుకోవద్దు.

ఎందులోనూ స్టార్ట్ కాకపోతే అది వేరే కథ. అప్పుడు బ్యాటరీ చూడాలి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బాగున్న బ్యాటరీలో సుమారు 12.6 వోల్టులు ఉంటాయి. బటన్ స్టార్ట్ బండి అయితే బ్రేకు లైటు వెలుగుతోందా అని కూడా చూడాలి. బ్రేకు తొక్కిన సంగతి బండికి తెలియకపోతే అది స్టార్ట్ కాదు. పి అనేదే లేని ఏఎంటీ కార్లూ (మామూలు గేరుబాక్స్‌కే క్లచ్, గేర్లు వాటంతటవే మారే ఏర్పాటు ఉన్నవి) ఉన్నాయి. వాటిని ఎన్ లో పెట్టి, బ్రేకు తొక్కే స్టార్ట్ చేయాలి.

ఇక డైరెక్ట్ సంగతి. ఇది మీ నాన్నకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. కోతల రోజుల్లో కాశీనగర్ వైపు నుంచి ఒక రైతు ట్రాక్టర్ తెచ్చాడు. స్విచ్ పోయింది, కొత్తది బరంపురం నుంచి రావాలి. ఆయన తొందర చూసి నేనే రెండు వైర్లు కలిపి పంపేశాను. నాలుగో రోజు వాళ్ళ పాలేరు కుర్రాడు సీటెక్కకుండా, కింద నిలబడే తాళం తిప్పాడు. ట్రాక్టర్ గేరులో ఉంది. ఒక్కసారిగా ముందుకు దూకింది, పెద్ద చక్రం ఆ పిల్లాడి కాలు మీదుగా పోయింది. బతికాడు. కానీ ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. నేను తీసేసిన ఆ చిన్న స్విచ్ ఉండి ఉంటే ట్రాక్టర్ కదిలేదే కాదు. ఆ తర్వాత ఎవరు ఎంత బతిమాలినా, ఎంత డబ్బు ఇస్తామన్నా నేను ఏ బండీ డైరెక్ట్ చేయలేదు.

1912లో కాడిలాక్ కార్లకు సెల్ఫ్ రాకముందు ముందు నిలబడి హ్యాండిల్ తిప్పేవారు. బండి గేరులో ఉండిపోతే తిప్పిన మనిషి మీదికే వచ్చేది. అమెరికాలో 1968 నుంచి అమల్లోకి వచ్చిన భద్రతా నియమం, ఆటోమేటిక్ బండి ముందుకు గానీ వెనక్కి గానీ పోయే గేరులో ఉన్నప్పుడు సెల్ఫ్ పని చేయకూడదంటుంది. ఎందరి కాళ్ళు, ఎందరి ప్రాణాలు పోయాక మనిషి ఆ స్విచ్ పెట్టుకున్నాడో ఒకసారి ఆలోచించండి.

అందుకని ఆదివారం దాకా బండిని ఎన్ లో, బ్రేకు తొక్కి స్టార్ట్ చేసుకోమనండి. ఆపినప్పుడు హ్యాండ్ బ్రేకు మరవొద్దనండి. పి సరిగా పడుతోందో లేదో తెలియదు కనుక ఏటవాలులో ఆపొద్దనండి. ఆదివారం అందరూ ఇక్కడికి రండి. కేబుల్ నేనే చూస్తాను, పెద్దోడు టెస్ట్ ల్యాంప్ (వైరులో కరెంటు ఉందో లేదో చూపే చిన్న బల్బు) పట్టుకోవాలి. అమ్మమ్మ అరిసెలు చేస్తానంటోంది.

ఇట్లు
మీ తాతయ్య